చెయ్యి బాగయ్యాక చూద్దాం: ఒక బ్లేడు గాయం కేసు

కొట్లాటలో బ్లేడు గాయమైన ఒక కుర్రాడి కేసు ఇది. ఇందులో ఎవరి మనసైనా మారిందని నేను గట్టిగా చెప్పలేను. అయినా పగ తీర్చుకునే రెండో గాయం జరగలేదు. అది ఎలా కుదిరిందో రాస్తే క్యాజువాలిటీల్లో, బస్తీల్లో పనిచేసే మరికొందరికి పనికొస్తుందనిపించింది. మనుషుల్ని గుర్తుపట్టే వీలు లేకుండా వరసలు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

కోస్తాలో ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి. అందులో కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో నేను మెడికల్ సోషల్ వర్కర్ని. ఆసుపత్రికి దూరంగా, కాలువ గట్టు పేటల మధ్య మా విభాగానికి ఒక అర్బన్ హెల్త్ సెంటర్ ఉంది. హౌస్ సర్జన్లు అక్కడ డ్యూటీ చేస్తారు. ఏఎన్ఎంలు, ఆశా వర్కర్లు అక్కడి నుంచే ఇళ్ళకు తిరుగుతారు. చాలాకాలం ఆ సెంటర్ పనంటే టీకాలు, బీపీ, షుగర్, గర్భిణుల చెకప్‌లే. కుర్రాళ్ళ కొట్లాటలు ఆరోగ్యశాఖ పని అని ఎవరూ అనుకోలేదు.

క్యాజువాలిటీకి వచ్చే కొట్లాట గాయాలకు ఒక వరస ఉంటుంది. వారం కూలీ చేతికొచ్చిన రాత్రి, పండగ ఊరేగింపు, క్రికెట్ టోర్నమెంట్ ఫైనల్. కుట్లు వేస్తారు, టెటనస్ ఇంజెక్షన్ చేస్తారు, ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన మెడికో లీగల్ కేసు) రాస్తారు, ఔట్‌పోస్టు కానిస్టేబుల్‌కి కబురు వెళ్తుంది. "బండి మీంచి పడ్డాడు సార్" అని ఇంటివాళ్ళు ఎంత చెప్పినా, ముంజేతి మీద స్కేలు పెట్టి గీసినట్టున్న కోత చూశాక డ్యూటీ డాక్టరు నమ్మడు. కొన్నాళ్ళకి అదే పేట నుంచి అవతలి గుంపు కుర్రాడు వస్తాడు. మళ్ళీ కుట్లు, మళ్ళీ ఎంఎల్‌సీ. ఈ రెండు ఎంట్రీలకీ సంబంధం ఉందని రిజిస్టర్‌లో ఎక్కడా ఉండదు.

ఈ తిరుగుడు ఇతర దేశాల ఆసుపత్రులు ఎప్పుడో గమనించాయి. 1989లో అచ్చయిన అమెరికాలోని డెట్రాయిట్ అధ్యయనంలో, హింస వల్ల గాయపడి చేరినవాళ్ళను ఐదేళ్ళు గమనిస్తే 44 శాతం మంది మళ్ళీ గాయపడి వచ్చారు. 20 శాతం మంది చనిపోయారు. 1994లో అదే దేశంలోని ఓక్లాండ్‌లో షెర్మన్ స్పియర్స్ అనే యువకుడు, తాను తుపాకి గుండు తగిలి నడక పోగొట్టుకున్నవాడు, ఆసుపత్రిలో మంచం మీదున్న కుర్రాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట్లాడడం మొదలుపెట్టాడు. యూత్ అలైవ్ అనే సంస్థ ఆ పనికి ఒక రూపం ఇచ్చింది. 1998లో బాల్టిమోర్‌లో సర్జన్ కార్నెల్ కూపర్ తన ట్రామా సెంటర్‌లో అలాంటి కార్యక్రమమే పెట్టాడు. ఈ పద్ధతి వెనకున్న ఆలోచన సులువైనదే. దెబ్బ తగిలిన కొత్తలో మనిషి మాట వింటాడు. ఆ మాట తన పేట మనిషి చెబితే ఇంకా వింటాడు. డిశ్చార్జి అయ్యాక కూడా నెలల తరబడి ఎవరో ఒకరు అతని వెంట ఉండాలి.

మా సర్జరీ, ఫిజియోథెరపీ, కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలు, అర్బన్ సెంటర్, జిల్లా న్యాయసేవాధికార సంస్థ పారాలీగల్ వాలంటీర్ (చట్టం సంగతుల్లో జనానికి తోడుండే కార్యకర్త) ఒకరు కలిసి చిన్నగా ఒక ఏర్పాటు చేసుకున్నాం. వేరే నిధులు లేవు. ఈ కేసు ఆ ఏర్పాటు కొత్తగా ఉన్నప్పటిది.

కేసు

కుర్రాడికి 19 ఏళ్ళు. టైల్స్ మేస్త్రీ దగ్గర హెల్పర్‌గా చేరి, అప్పుడప్పుడే సొంతంగా టైల్ పరిచే స్థాయికి వచ్చాడు. తండ్రి లేడు. తల్లి ఇళ్ళల్లో పనిచేస్తుంది. చెల్లెలు ఇంటర్. వినాయక నిమజ్జనం రాత్రి ఎవరి డీజే బండి ముందు కదలాలన్న దగ్గర పక్క వీధి కుర్రాళ్ళతో మాటా మాటా పెరిగింది. వాళ్ళలో ఇద్దరు బ్లేడుతో కుడి ముంజేతి లోపలి వైపు కోశారు. వేళ్ళు మడవడానికి పనికొచ్చే టెండన్లు రెండు తెగాయి. జనం వాటిని నరాలు అంటారు. ఆ రాత్రే ఆపరేషన్ చేసి కుట్టారు.

ఆ గాయం ఎలాంటిదో చెప్పకపోతే ఈ కేసు అర్థం కాదు. కుట్టిన టెండన్ మొదటి రెండు మూడు వారాలు చాలా బలహీనంగా ఉంటుంది. చెయ్యి పూర్తిగా కదలకుండా ఉంచితే చుట్టూ ఉన్న కండకు అతుక్కుపోయి వేళ్ళు బిగుసుకుపోతాయి. గట్టిగా కదిలిస్తే తెగిపోతుంది. అందుకని చేతి వెనక వైపు స్ప్లింట్ కట్టి, ఫిజియోథెరపిస్టు చూపించినంత మేరకే కదిలిస్తూ సుమారు ఆరు వారాలు గడపాలి. బరువు పనికి మూడు నెలలు ఆగాలి. ఈలోపు ఒక్కసారి కోపంగా పిడికిలి బిగించినా ఆపరేషన్ వృథా అవుతుంది.

కేసు నా దగ్గరికి వచ్చింది గాయం వల్ల కాదు. సర్జికల్ వార్డు స్టాఫ్ నర్సు పంపారు. సాయంత్రం విజిటింగ్ టైమ్‌లో ఆ మంచం చుట్టూ కుర్రాళ్ళు గుమిగూడి గుసగుసలాడుతున్నారని, "దసరా లోపు" అన్న మాట రెండుసార్లు విన్నానని ఆమె చెప్పారు. మేం తయారుచేసుకున్న ఫారంలో ఇలాంటి గడి లేదు. ఇలాంటివి నర్సులకూ వార్డు బాయ్‌లకూ ముందు తెలుస్తాయి, డాక్టర్లకి ఆఖర్న తెలుస్తాయి.

మొదట చేసినవి

మంచం దగ్గర మాట్లాడడంతో మొదలుపెట్టాం. ఓక్లాండ్ పద్ధతిలో అదే గుండెకాయ. ఇక్కడ అది ఒక్క అంగుళం కదల్లేదు. వార్డులో నలభై మంది ఉంటారు, కర్టెన్లు లేవు. స్టేట్‌మెంట్ కోసం కానిస్టేబుల్ ఎప్పుడు వస్తాడో తెలియదు. నేను ఫైలు పట్టుకుని కూర్చోగానే కుర్రాడి కళ్ళు ఫైలు మీదికి పోయాయి. ఏం అడిగినా "ఏం లేదు మేడమ్" అనేవాడు. నిద్ర పట్టడం లేదని నర్సు చెబితే సైకియాట్రీకి రెఫర్ చేశాం. "నాకేమైనా పిచ్చా?" అని ఆ కాగితం మడిచి దిండు కింద పెట్టాడు.

అతను మొండివాడని నేను రాసుకోలేదు. ఎంఎల్‌సీ రాసిన ఆసుపత్రిలో, ఎంఎల్‌సీ రాసిన డాక్టరు మనిషిగా కనిపించే నాతో అతను ఏం చెప్పినా అది ఎక్కడికి చేరుతుందో అతనికి తెలియదు. ఆ భయం న్యాయమైనదే. దెబ్బ తగిలిన కొత్తలో మనిషి మాట వింటాడన్నది నిజమే కావచ్చు. అతను వింటున్నది మాత్రం మంచం చుట్టూ ఉన్న నేస్తాల మాట.

తర్వాత, పేట మనిషి ప్రశ్న వచ్చింది. ఒకప్పుడు రౌడీషీటు ఉండి, ఇప్పుడు ఒక నాయకుడి వెనక తిరిగే వ్యక్తి మాకు కబురు చేశాడు, తాను చెబితే రెండు వీధులూ వింటాయని. అమెరికా కార్యక్రమాల్లో ఇలాంటి గతం ఉన్నవాళ్ళనే తీసుకుంటారు కదా అని మాలో ఒకరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. అక్కడి ఔట్‌రీచ్ వర్కర్‌కి జీతం ఉంటుంది, శిక్షణ ఉంటుంది, పైన అడిగేవాళ్ళు ఉంటారు. గొడవ ఆగితే అతనికి లాభం. మన పేటల్లో అలాంటి మనిషి పలుకుబడి నిలిచేదే సెటిల్‌మెంట్ల మీద, గొడవలు లేకపోతే అతనికి పనే లేదు.

మేం వద్దన్నా అతను ఆగలేదు. తల్లిని పిలిపించి అవతలివాళ్ళతో ఇరవై వేలకు మాట ఖాయం చేశాడు. ఆమె చేతికి సగమే వచ్చింది. మూడు వారాల కూలీ పోయి, వారం వడ్డీకి తెచ్చిన డబ్బు మీద పడుతుంటే ఆమె కాదనలేకపోయింది. కుర్రాడి పెదనాన్న కొడుకు, ఆటో నడిపే 24 ఏళ్ళ అన్న, ఆ రోజు వార్డుకొచ్చి గోడ మీద గుద్దాడని నర్సు చెప్పారు. "మావాడి చేతికి రేటు కట్టారు" అన్నాడట. డబ్బు పుచ్చుకోవడంతో కోపం రెట్టింపైంది, పైగా అవమానం తోడైంది.

పోలీసుల వైపు నుంచి ఇంకో చిక్కు. కోసినవాళ్ళిద్దరూ 18 నిండనివాళ్ళు. 2016 జువెనైల్ జస్టిస్ మోడల్ రూల్స్ ప్రకారం, పిల్లల మీద వచ్చిన ఆరోపణ అతి తీవ్రమైన నేరం అయితేనో, పెద్దవాళ్ళతో కలిసి చేసి ఉంటేనో తప్ప ఎఫ్ఐఆర్ కట్టరు. జనరల్ డైరీలో రాసి, ఆ పిల్లల సామాజిక నేపథ్యం నివేదికతో జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపుతారు. అతి తీవ్రం అంటే చట్టంలో కనీస శిక్ష ఏడేళ్ళు లేదా అంతకు మించి ఉన్నవి మాత్రమే. ఈ కేసు ఆ లెక్కలోకి రాలేదు. స్టేషన్లో చేసింది రూలు ప్రకారమే. కానీ ఆ ముక్క ఇంటివాళ్ళకి ఎవరూ విడమరచి చెప్పలేదు. వాళ్ళకి అర్థమైంది ఒక్కటే: కేసు కట్టలేదు, అంటే అవతలివాళ్ళు మేనేజ్ చేసేశారు. ఆ పైన, పండగలకు ముందు రెండు గుంపులనూ బైండోవర్ చేస్తారన్న (గొడవ చెయ్యమని పూచీకత్తు రాయించుకుంటారన్న) మాట పేటలో పాకింది. "దెబ్బ తిన్నదీ మేమే, బైండోవరూ మాకేనా?" అని అన్న అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

దారి మారిన చోటు

ఇక్కడ ఆగి మేం ఒక ప్రశ్న వేసుకున్నాం. తిరిగి కొట్టాలా వద్దా అన్నది నిజంగా ఎవరు నిర్ణయిస్తారు? కుర్రాడు కాదు. చెయ్యి కట్టుకుని పడుకున్నవాడు "వద్దు" అంటే పిరికివాడు, "కావాలి" అంటే మొనగాడు. అతని దగ్గర వేరే మాట లేదు. వార్డుకొచ్చే కుర్రాళ్ళందరూ ఎవరి ముఖం చూసి మాట్లాడుతున్నారో గమనిస్తే అది అన్న ముఖం. అంటే మేం పేషెంటుతో మాట్లాడుతూ కూర్చుంటే, నిర్ణయం వరండాలో జరిగిపోతోంది.

అన్నతో మాట్లాడాలంటే కుర్రాడి అనుమతి కావాలి. దేని గురించి మాట్లాడతామో ముందే చెప్పాం: చెయ్యి గురించి మాత్రమే, గొడవ గురించి కాదు. "అన్నయ్యకే చెప్పండి, నాకవన్నీ తెలీవు" అని ఒప్పుకున్నాడు.

సర్జన్ అన్నని ఫిజియో గదిలోకి పిలిచి, తన చేతి మీద పెన్నుతో గీసి చూపించారు, ఏ టెండన్ ఎక్కడ తెగిందో, ఎక్కడ కుట్టారో. "ఆరు వారాల్లో వీడు ఒక్కసారి గట్టిగా పిడికిలి బిగించినా ఇది పోతుంది. మళ్ళీ టైల్ కట్టర్ పట్టుకోలేడు. వీణ్ణి కోపం తెచ్చుకోనివ్వకు. తాగనివ్వకు. ఇటు తీసుకొచ్చే బాధ్యత నీదే" అన్నారు. గొడవ మాట ఎత్తలేదు.

వారం తిరిగేసరికి ఏఎన్ఎం ఒక సంగతి చెప్పింది. సందు చివర కుర్రాళ్ళు ఎప్పుడని అడిగితే అన్న, "ముందు వాడి చెయ్యి బాగవనీ, తర్వాత చూద్దాం" అన్నాడట. ఆ మాటలో ఎవరూ వెనక్కి తగ్గినట్టు లేదు. క్షమించడం, రాజీ, పోలీసులు, ఏదీ లేదు. అన్నగా తన పెద్దరికం నిలిచింది, కుర్రాళ్ళకు ఆగడానికి ఒక కారణం దొరికింది. "పగ మంచిది కాదు బాబూ" అని మేం ఎన్ని రోజులు చెప్పినా అంత పనిచేసేది కాదు. అక్కడి నుంచి మా పని వాయిదాను ఆరు వారాలు నిలబెట్టడం, ఆ ఆరు వారాల్లో గొడవకు మేత వేస్తున్నవాటిని ఒక్కొక్కటిగా తీసెయ్యడం.

మొదట తీసింది కేసు కట్టలేదన్న అపోహ. పారాలీగల్ వాలంటీర్ తల్లినీ అన్ననూ కూర్చోబెట్టి రూలు చదివి వినిపించాడు. స్టేషన్‌కి తోడు వెళ్ళి, ఫిర్యాదు డైరీలోకి ఎక్కి బోర్డుకు వెళ్ళిందని తెలుసుకుని చెప్పాడు. గాయం వివరాలు రాసి డాక్టరు ఇచ్చే వూండ్ సర్టిఫికెట్ అందేలా చూశాం. బాధితుల పరిహారం కోసం న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టించాం. అది వస్తుందన్న ఆశ నాకు పెద్దగా లేదు. కానీ దొంగచాటు పదివేలకీ ఆఫీసులో పెట్టిన అర్జీకీ తేడా ఉంటుంది, ఆ తేడా అన్నకి అర్థమైంది.

రెండోది భయం. ఫిజియో గదిలో వారానికి మూడు రోజులు, నేస్తాలు పనుల్లో ఉండే పొద్దుటి వేళ, కుర్రాడు ఒంటరిగా దొరికేవాడు. ఫిజియోథెరపిస్టు వేళ్ళు కదిలిస్తుంటే మాటలు వాటంతట అవే వచ్చేవి. ఎదురెదురుగా కూర్చుని ప్రశ్నలడిగితే రానివి, ఇద్దరూ చెయ్యి వైపు చూస్తున్నప్పుడు వచ్చాయి. "కోపంగా ఉందా?" అన్నప్పుడు లేదనేవాడు. "ఇంటికెళ్ళే దారిలో భయమేస్తుందా?" అని అడిగిన రోజు చాలాసేపు మాట్లాడాడు. ఇంటికి వెళ్ళాలంటే అవతలి వీధి మొదలు దాటాలి. వెనకనుంచి బండి చప్పుడైతే ఒళ్ళు జలదరిస్తుంది. అందుకని ఎడమ జేబులో చిన్న కత్తి పెట్టుకు తిరుగుతున్నాడు. కత్తి మమ్మల్ని కంగారు పెట్టినా, ఇచ్చెయ్యమని అడగలేదు. భయం తగ్గకుండా కత్తి తీసుకుంటే ఇంకోటి కొనుక్కుంటాడు. అన్న ఆటోలో రాకపోకలు, కాలువ అవతలి గట్టు మీదుగా దారి, చీకటి పడక ముందే ఇల్లు. రాత్రి పీడకలలకు, నిద్రకు మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్ నంబర్ 14416 ఇచ్చాం. ఫోన్ చేశాడు, ఓపీ చీటీ లేకుండా మాట్లాడొచ్చు కాబట్టి. కత్తి ఎప్పుడు మానేశాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆశా వర్కర్ని ఈ కేసులో వాడుకోలేదు. ఆమె అందరికన్నా దగ్గరి మనిషి, కానీ ఆమె ఇల్లు అవతలి వీధిలో. ఆమె ఎంత నిజాయితీగా ఉన్నా, ఈ ఇంట్లో అడుగుపెట్టి ఆ ఇంటి ముందు నుంచి వెళ్తే రెండు చోట్లా అనుమానమే. ఆమె మళ్ళీ అదే వీధిలో టీకాలు వెయ్యించాలి. బయటి నుంచి వచ్చే ఏఎన్ఎంకి అప్పగించాం. ఆమెకి కూడా డ్రెస్సింగ్ రోజులు, ఫిజియో రోజులు మాత్రమే చెప్పాం.

దసరా వారంలో మొత్తం చెడిపోయేదే. అవతలి గుంపులో ఒకడు ఇన్‌స్టాలో రీల్ పెట్టాడు, కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ, వెటకారంగా. కుర్రాడు ఫిజియోకి రాలేదు. అన్న ఫోన్ ఎత్తలేదు. ఏఎన్ఎం ఇంటికి వెళ్తే ఇంటి ముందు బైకులు. ఇప్పుడు పోలీసులకు చెబితే నమ్మకం పోతుంది, చెప్పకపోతే ప్రాణం మీదికి రావచ్చు. కుర్రాడినే అడిగాం. "నేను కంప్లయింట్ ఇచ్చానని అనిపించుకోను" అన్నాడు. రీల్ ఎవరైనా చూడగలిగేదే కాబట్టి, అతని పేరు గానీ ఆసుపత్రి పేరు గానీ చెప్పకుండా బోర్డు ప్రొబేషన్ ఆఫీసర్‌కి ఆ అకౌంట్ ఫలానా అని మాత్రం చెప్తామన్నాం. దానికి తలూపాడు. ఆఫీసర్ ఆ కుర్రాడి ఇంటికి వెళ్ళారు, సాయంత్రానికి రీల్ పోయింది. అవతల ఏం మాట్లాడారో అడగలేదు. ఆ పిల్లల వివరాలు బయటపెట్టకూడదని చట్టం, మాకూ అవి అక్కర్లేదు. ప్రాణాపాయం కళ్ళెదుట కనిపిస్తే మాత్రం అనుమతి కోసం ఆగేవాళ్ళం కాదు. ఆ సంగతి మొదటి రోజే కుర్రాడికి చెప్పి ఉంచాం.

ఇక డబ్బు. మేస్త్రీతో మాట్లాడితే కొలతలు రాయడానికి, సైట్‌లో టైల్స్ లెక్క చూడడానికి ఎడమ చేత్తో పనికొస్తాడన్నాడు. కూలీ సగం. ఆ సగం కూడా లేకపోతే సెటిల్‌మెంట్ మనిషి మళ్ళీ తలుపు తట్టేవాడని నా నమ్మకం.

ఇదంతా జరుగుతుండగా క్యాజువాలిటీ చీటీలో "ఎక్కడ జరిగింది" అన్న గడి చేర్చాం. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో సర్జన్ జోనథన్ షెపర్డ్ చేసిన పని ఇదే: పేర్లు లేకుండా చోటు, సమయం, ఆయుధం మాత్రం ఆసుపత్రి నుంచి పోలీసులకు, నగరపాలక సంస్థకు చేరవేయడం. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం, పోల్చి చూసిన నగరాలకన్నా అక్కడ హింస వల్ల ఆసుపత్రిలో చేరికలు 42 శాతం తక్కువ. మా గడి నిండేసరికి ఒక మద్యం షాపు వెనక ఖాళీ స్థలం పదేపదే కనిపించింది. మున్సిపాలిటీ వాళ్ళు లైటు వేశారు. కుర్రాళ్ళు పక్క ఖాళీ స్థలానికి మారారు.

ఏమైంది

మూడు నెలలకు కుర్రాడు కట్టర్ పట్టుకున్నాడు. ఉంగరం వేలు పూర్తిగా మడవదు, గ్రౌటింగ్ పనికి ఇబ్బంది లేదన్నాడు. ఏడాది పాటు రెండు వీధుల మధ్య బ్లేడు గాయం మా రిజిస్టర్‌లోకి రాలేదు. ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళిందేమైనా ఉంటే మాకు తెలియదు కాబట్టి ఇళ్ళ వైపు నుంచి ఏఎన్ఎం కూడా వాకబు చేసింది. అన్న నేస్తాల్లో ఒకడు మాత్రం వేరే గొడవలో కత్తిపోటుతో వచ్చాడు. అతని మంచం దగ్గరికి అన్నే నన్ను తీసుకెళ్ళాడు. పరిహారం అర్జీ ఇంకా నడుస్తోంది.

ఒక్క కేసుతో ఏదీ రుజువు కాదు. ఆ గాయం చేతికి కాక వేరే చోట తగిలి ఉంటే మాకు ఆరు వారాలు దొరికేవి కావు. మొహం మీద కుట్లు ఐదు రోజులకు తీస్తారు, తల మీదివి వారం పది రోజులకు, ఆ తర్వాత కుర్రాడు కనిపించడు. అందుకని ఇప్పుడు కొట్లాట గాయాలన్నిటికీ తిరిగి రావడానికి న్యాయమైన వైద్య కారణం ఏముందో వెతుకుతున్నాం. చిన్నప్పటి టీకాల రికార్డు లేనివాళ్ళకి టెటనస్ రెండో డోసు నాలుగు వారాలకు పడాలి, మూడోది ఆరు నెలలకు. అది అర్బన్ సెంటర్‌లో వెయ్యించుకోమని తేదీ వేసి ఇస్తున్నాం. వూండ్ సర్టిఫికెట్ కోసం ఎలాగూ వస్తారు, అది ఇచ్చే రోజు నేను అక్కడ ఉంటున్నాను. కారణం దొంగది కాకూడదు, కుర్రాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

తీరని సమస్య ఫిజియో ఓపీ వేళలు. మధ్యాహ్నానికి మూసేస్తారు. రోజు కూలీకి వెళ్ళేవాడు వారానికి మూడు పొద్దుటి పూటలు వదులుకోవాలి. ఈ కుర్రాడికి ఒప్పుకునే మేస్త్రీ దొరికాడు. తర్వాత వచ్చినవాళ్ళలో ఇద్దరు ఆ కారణంతోనే మధ్యలో మానేశారు. సాయంత్రం రెండు గంటలు ఫిజియో తెరవాలని సూపరింటెండెంట్‌కి పెట్టిన నోట్ ఫైలు మీద ఉంది.